అక్షరానికి నలభై

భోయిగూడ శ్మశానం గేటు పక్కన
మా రేకుల షెడ్డు.
అక్షరానికి నలభై. శిలువ వేరే లెక్క.
తారీఖుల మీద బేరం లేదు.

ఆమె ఆటో దిగి, మడతలు విప్పి చీటీ ఇచ్చింది.
డోరీన్ థార్న్‌టన్, సౌత్ లాలాగూడ.
రైల్వే బడిలో ముప్పయ్యేళ్ళు పియానో నేర్పిందట.
తమ్ముడు లెస్లీ పోయి రెణ్ణెల్లు.
"ఇంగ్లీషులో చెక్కు. కింద తెలుగులో కూడా.
గడ్డి పీకే పిల్లలకు
ఎవరి పక్కన కూర్చున్నారో తెలియాలి కదా."

థ దగ్గర ఎప్పుడూ నా ఉలి ఆగుతది.
కడుపుల ఆ చుక్క.
గట్టిగ కొడితే పెచ్చు లేస్తది,
చుక్క పడకపోతే ధ అయి కూసుంటది.
చెయ్యి ఆగినప్పుడు నోరు ఊకుండదు:
"ఈ పేరుకు అర్థమేమన్న ఉన్నదా అమ్మా?"

పళ్ళసెట్టు సర్దుకొని చెప్పింది.
థార్న్ అంటే ముల్లు.
టన్ అంటే ఊరే గానీ, మొదట్ల కంచె అట.
కంచె లోపలి దొడ్డి,
దొడ్డి చుట్టూ నాలుగు గుడిసెలు,
అట్లట్ల ఊరు.
వెయ్యేళ్ళ కింద వాళ్ళ రాతల
ఆ మొదటి చప్పుడుకు సొంతంగ ఒక అక్షరం ఉండేదట.
నిలువు గీత, పక్కకు చిన్న పొట్ట.
ఆ అక్షరం పేరు కూడా ముల్లేనట.
అచ్చు యంత్రాలు వచ్చినంక
మెల్లగ ఊడిపోయిందట, రాతలోంచి.

నేను నా థ దిక్కు చూసిన.

"మరి మీది ఏ ఊరు?"
"అదే తెలియదు నాయనా.
ఆ పేరున్న ఊళ్ళు అక్కడ బోలెడు.
ముళ్ళు ఎక్కడ లేవు?
మా ముత్తాత తండ్రి సిపాయి.
తిరుమలగిరి బ్యారక్‌లో జ్వరంతో పోయాడు.
అతనికి మాత్రం తెలుసా ఏమిటి, తన పేరు ఎక్కడిదో!
చర్చి పుస్తకంలో భార్య అని ఉన్నచోట
'ఈ దేశపు స్త్రీ' అని రాశారు.
ఆమెకు ఊరు రాయలేదు. పేరూ రాయలేదు."

రాయి మీద దుమ్ము ఊదిన.
అవసరం కంటే ఎక్కువసేపు ఊదిన.

"ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ
ఎవరినీ ఊరి పేరుతో పిలవరు," అంది తనే.
"వదిలేసి వచ్చినవాడికే
ఊరు పేరవుతుంది."

నిజమే. ఊర్ల మేం రాళ్ళోళ్ళం.
నాయిన సుత్తె, మూట పట్టుకొని పట్నం వస్తే
మేస్త్రీ చిట్టాల తుమ్మలకుంటోళ్ళం అయినం.
పోయినేడు పోయి చూసిన.
తుమ్మలు లేవు. కుంట పూడ్చిండ్రు.
సున్నం కొట్టిన కడీలు, ముళ్ళతీగ,
గజం ఇంత అని బోర్డు.
ఊరంత పోయినా కంచె పోలేదు.
ఈ సంగతి ఆమెకు చెప్పలే.

పైసలు లెక్కపెట్టి ఇచ్చి, లేచి, మళ్ళ కూసున్నది.
"లెస్లీని కాజీపేటకు బదిలీ చేశారు ఒకప్పుడు.
అక్కడి ఫిట్టర్లకు థార్న్‌టన్ నోరు తిరగలేదు.
'లాలాగూడ వచ్చిండా?'
'లాలాగూడకు చాయ్ చెప్పు.'
పదకొండేళ్ళు అదే పేరు.
రిటైరై ఇంటికి వచ్చాక
అట్లా పిలిచేవాళ్ళు లేరు.
ఇక్కడ అందరూ లాలాగూడ వాళ్ళే కదా.
కొంచెం చిన్నబుచ్చుకునేవాడు."

గేటు లోపల ఎవరో బకెట్‌తో నీళ్ళు మోస్తున్నరు.

"ఇప్పుడు భోయిగూడ వచ్చిండు గద," అన్న.
"ఊరు ఇడిచినట్టే."

ఆమె నన్ను అప్పుడు చూసింది సరిగ్గ.
వేళ్ళ మీద లెక్కేసుకున్నది.
లా, లా, గూ, డ.
థార్న్‌టన్‌కు తెలుగుల ఎన్నో, దీనికీ అన్నే.
"నూట అరవై," అన్న.
"నూట ఇరవై ఇస్తాను.
లా రెండుసార్లు వస్తుంది,
రెండోదానికి చెయ్యి అలవాటై ఉంటుంది నీకు."

ఒప్పుకున్న.
థ చుక్క పడేసరికి పొద్దు గూకింది.
రెండో లా మాత్రం
నిజంగనే జల్దిన పడ్డది.